నరాల్లో పారేది కరెంటేనా? న్యూరాన్ గుట్టు బయటపడిన తీరు

సెలైన్ ఎక్కించడానికి వచ్చిన నర్సు ముంజేతి మీద తట్టి తట్టి చూసి, “నరం దొరకట్లేదండీ” అంటుంది. ఆమె వెతికేది రక్తనాళం. అర్ధరాత్రి పిక్క బిగుసుకుపోతే “నరం పట్టేసింది” అంటూ లేచి కూర్చుంటాం. పట్టేసింది కండరం. మడమ వెనక తాడులా చేతికి తగిలేదాన్ని కూడా నరమనే అంటాం. అదేమో కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ. ‘నాడి’ కథా అంతే. వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసే నాడి గుండె దెబ్బకు ఎగిసే ధమని, బడి పుస్తకంలోని నాడీ వ్యవస్థ వేరే సంగతి. ఇక బస్టాండు గోడల మీద కనిపించే ‘నరాల బలహీనత’ ఏ నరానిదో ఆ ప్రకటన రాసినవాళ్లకే తెలియాలి.

ఈ గందరగోళం మన ఒక్కరిదే కాదు. స్క్విడ్ అనే సముద్రజీవి ఒంట్లో ఉండే ఒక లావుపాటి నాడీతంతువును 1930ల దాకా శాస్త్రవేత్తలే రక్తనాళం అనుకున్నారు. ఆ పొరపాటు దిద్దుకున్నాకే నరం లోపల ఏం జరుగుతుందో తేలింది. ఆ కథ కాసేపట్లో చెప్పుకుందాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, న్యూరాన్ అన్న మాట వార్తల్లో తెగ నలుగుతోంది. 2024 జనవరిలో న్యూరాలింక్ కంపెనీ మొదటిసారి ఒక మనిషి మెదడులో చిప్ అమర్చింది. ఆ అక్టోబరులో పండ్ల మీద ముసిరే చిన్న ఈగ మెదడు మొత్తానికీ కణకణం లెక్కన పటం వచ్చింది. అదే నెలలో భౌతికశాస్త్ర నోబెల్ కృత్రిమ న్యూరాన్ల మీద పనిచేసిన జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు దక్కింది. ఇవన్నీ చదివాక చాలామంది మనసులో మిగిలే బొమ్మ ఒకటే: మెదడంటే వైర్ల కట్ట, దాంట్లో కరెంటు పారుతూ ఉంటుంది. ఈ బొమ్మలో కొంత నిజం ఉంది. అది తప్పిన చోటే అసలు విశేషం ఉంది.

## కణం ఎంత, దాని తోక ఎంత

న్యూరాన్ అంటే ఒక జీవకణం, తెలుగులో నాడీకణం. కాలేయంలోనో చర్మంలోనో ఉండే కణాలకు మల్లే దీనికీ కేంద్రకం ఉంటుంది, జన్యువులు ఉంటాయి, ఆకలి ఉంటుంది. తేడా ఆకారంలో. కణదేహం నుంచి చెట్టుకొమ్మల్లా చీలే పొట్టి శాఖలు డెండ్రైట్లు. ఇతర కణాల కబుర్లు ఎక్కువగా వచ్చి వాలేది వీటి మీదే. పొడుగ్గా సాగే ఒంటి తోక యాక్సాన్. ఈ కణం చెప్పదలచిన కబురు దాని గుండా బయటికి పోతుంది. యాక్సాన్ కొస మరో కణాన్ని దాదాపుగా ఆనుకునే చోటు సినాప్స్. ఆ ‘దాదాపుగా’ అన్న మాట మీద పెద్ద పోట్లాటే జరిగింది.

వేలాది యాక్సాన్లు ఒక తొడుగులో మోపుగా కట్టి ఉంటే, దాన్ని నరం అనాలి. అంటే నరం ఒక కణం కాదు, తంతువుల మోపు.

నడుము దగ్గర వెన్నులో మొదలై కాలి బొటనవేలి దాకా వెళ్లే యాక్సాన్ పొడవు సుమారు ఒక మీటరు. దాని కణదేహం వెడల్పు ఇంచుమించు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఆ దేహాన్ని కొబ్బరికాయంత చేసి చూపిస్తే, తోక నాలుగు కిలోమీటర్లు సాగుతుంది. అంత దూరాన ఉన్న కొసకు కావలసిన సరుకులన్నీ ఎక్కువగా ఆ కొబ్బరికాయ నుంచే వెళ్లాలి.

మెదడులో ఇలాంటి కణాలు ఎన్ని? పాత పుస్తకాల్లో పదివేల కోట్లని ఉండేది, గుండ్రంగా, చెప్పుకోవడానికి హాయిగా. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్క్యులానో-హౌజెల్ బృందం మెదళ్లను ద్రావణంలో కరిగించి పలచటి చారులా చేసి, అందులో తేలే కేంద్రకాలను లెక్కపెట్టింది. తేలింది సుమారు 8,600 కోట్లు. అందులో దాదాపు 6,900 కోట్లు తల వెనక కింది భాగాన ఉండే అనుమస్తిష్కంలోనే ఉన్నాయి. ఆలోచనకు నెలవని చెప్పుకునే పైపొరలో ఉన్నవి 1,600 కోట్లే.

## ఒకే రంగు, ఇద్దరికి రెండు లోకాలు

మెదడును పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఏమీ కనిపించదు, అంతా ఒకటే లేత ముద్ద. మామూలు రంగులు అద్దితే అన్నీ ఒకేసారి తేలి ఇంకా అయోమయం. కోరింగ మడ అడవిలో పడవ మీద వెళ్లినవాళ్లకు ఈ ఇబ్బంది అర్థమవుతుంది. వేళ్లలోంచి వేళ్లు దూసుకుపోయి ఉంటాయి, ఏ వేరు ఏ చెట్టుదో చెప్పలేం. వంద చెట్లలో ఏ ఒకటి రెండింటినో చిటారుకొమ్మ నుంచి వేరు కొస దాకా నల్లగా చేసి, మిగతావాటిని మాయం చేయగలిగితే?

1873లో ఇటలీ వైద్యుడు కమిల్లో గాల్గీ చేసింది అచ్చంగా అదే. అబ్బియాతెగ్రాసో అనే చిన్న ఊళ్లో, నయంకాని రోగుల ఆసుపత్రిలో ఆయన ఉద్యోగం. అక్కడి వంటగదినే ప్రయోగశాలగా మార్చుకున్నాడు. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో వేస్తే, నూటికి ఏ కొన్ని కణాలో నల్లగా, సాంతం కనిపించాయి. ఆ కొన్నే ఎందుకు, మిగతావి ఎందుకు కావు అన్నది నేటికీ పూర్తిగా తేలలేదు. అన్ని కణాలకూ అంటుకునే ‘మంచి’ రంగు అయ్యుంటే అది ఎందుకూ పనికొచ్చేది కాదు!

తను కనిపెట్టిన రంగులో గాల్గీకి ఒక వల కనిపించింది. యాక్సాన్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మెదడంతా ఒకే జాలంగా పనిచేస్తుందని ఆయన నమ్మకం.

1887లో మాడ్రిడ్‌లో శాంటియాగో రమోన్ యి కహాల్ అనే స్పెయిన్ వైద్యుడి కంట ఈ రంగు పడింది. చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నవాడు, తండ్రేమో ఆయన్ని ఒక మంగలి దగ్గరా చెప్పులు కుట్టేవాడి దగ్గరా పనికి పెట్టాడు. ఆయన పెద్ద మెదళ్లను వదిలేసి కోడిపిల్ల పిండాలను, పసి జంతువులను పట్టుకున్నాడు. అడవి చిక్కబడక ముందే మొక్కలను చూద్దామన్న ఉపాయం. అక్కడ ప్రతి కణమూ విడిగా ఉంది. యాక్సాన్ కొసలు పక్క కణం దాకా వచ్చి ఆగిపోతున్నాయి, అందులో కలవట్లేదు. 1888లో సొంత డబ్బుతో పత్రిక పెట్టి మరీ అచ్చువేశాడు. ఎవరూ పట్టించుకోకపోతే, మరుసటేడు గాజు పలకలూ సూక్ష్మదర్శినీ సర్దుకుని బెర్లిన్ సభకు వెళ్లి, పెద్దలను ఒక్కొక్కరినీ పిలిచి చూపించాడు. 1891లో జర్మనీ శాస్త్రవేత్త వాల్డేయర్ ఆ విడి కణానికి న్యూరాన్ అని పేరు పెట్టాడు.

1906 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ వేదిక మీద గాల్గీ తన ప్రసంగమంతా న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించడానికే వాడుకున్నాడు. పక్కన కూర్చున్న కహాల్ పరిస్థితి ఊహించుకోవచ్చు.

గాల్గీని మొండివాడని తీసిపారేయడం తేలికే గానీ, న్యాయం కాదు. కణానికీ కణానికీ మధ్య సందు సుమారు 20 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరును యాభై వేల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. కాంతితో నడిచే సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్లకన్నా చిన్నదాన్ని విడదీసి చూపలేదు. కాబట్టి సందును కహాలూ చూడలేదు. ఆయనది సరైన ఊహ, అంతే. 1950ల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక సందు కంటికి కనిపించింది. అంతలోనే మరో మెలిక పడింది. 1959లో ఫర్ష్‌పాన్, పాటర్ అనే ఇద్దరు క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవిలో విద్యుత్తు నేరుగా ఒక కణం నుంచి మరో కణంలోకి దాటే సినాప్సులు చూపించారు. అలాంటివి మన మెదడులోనూ కొన్ని ఉన్నాయి, సన్నటి గొట్టాలతో రెండు కణాల లోపలి ద్రవాలు కలుస్తాయి. గాల్గీ వల పూర్తిగా చిరిగిపోలేదన్నమాట.

## కప్ప కాలితో వేగం కొలిచారు

నరాలకూ విద్యుత్తుకూ చుట్టరికం ఉందని 1791లోనే ఇటలీ శాస్త్రవేత్త లూయిజీ గాల్వానీ ప్రకటించాడు. చచ్చిన కప్ప కాలికి లోహాలు తగిలిస్తే కాలు తన్నింది. అది కప్ప ఒంట్లోని విద్యుత్తా, లోహాల నుంచి వచ్చిందా అని మరో ఇటలీ శాస్త్రవేత్త వోల్టాతో పెద్ద వాదం నడిచింది. ఆ వాదంలోంచే 1800లో వోల్టా బ్యాటరీ పుట్టింది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉందని తర్వాత తేలింది.

వేగం సంగతి ఇంకా ఆసక్తికరం. నరంలో కబురు మెరుపులా పోతుందని, దాన్ని కొలవడం మనవల్ల కాదని అప్పటి మహా శరీరశాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ అభిప్రాయం. ఆయన శిష్యుడే హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కొలిచేశాడు. ఉపాయం చాలా సులువు: కప్ప నరాన్ని ముందు కండరానికి దగ్గరగా, తర్వాత దూరంగా తాకి, కండరం ఎంత ఆలస్యంగా బిగుస్తుందో చూడటం. రెండు చోట్లకూ మధ్య 5 సెంటీమీటర్లు ఉండి, ఆలస్యంలో తేడా సెకనులో ఐదువందవ వంతు వస్తే, వేగం సెకనుకు 25 మీటర్లు. ఆయనకు వచ్చింది ఇంచుమించు అంతే. గంటకు 90 కిలోమీటర్లు, మన ఎక్స్‌ప్రెస్ రైలు వేగం. రాగి తీగలో సంకేతం సెకనుకు లక్ష కిలోమీటర్లకు పైనే పోతుంది. నరంలో జరిగేది వైరులో జరిగేది కాదని మొదటి గట్టి ఆధారం ఇదే.

ఈ వేగం మీ ఒంట్లోనే తెలుస్తుంది. గడపకు కాలి బొటనవేలు కొట్టుకున్నప్పుడు, తగిలిందని ముందు తెలుస్తుంది. “అయ్యో, ఇప్పుడు నొప్పి పుడుతుంది” అనుకునే వ్యవధి కూడా ఉంటుంది, తర్వాత సలుపు మొదలవుతుంది. స్పర్శను మోసే తంతువులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, కబురు ఆ తొడుగు మధ్య ఖాళీల నుంచి ఖాళీలకు గెంతుతూ సెకనుకు 50 మీటర్ల చొప్పున పోతుంది. వేలి నుంచి వెన్నుకు ఒక మీటరు అనుకుంటే సెకనులో యాభయ్యో వంతు చాలు. సలుపును మోసే సన్నటి తంతువులకు తొడుగు లేదు, సెకనుకు ఒక మీటరే. అదే దూరానికి నిండు సెకను పడుతుంది.

## స్క్విడ్ తంతువు తీర్చిన అనుమానం

వైరు కానప్పుడు మరేంటి? దీపావళి సీమటపాకాయల సరం లాంటిది అనుకోండి. ఒకటి పేలి పక్కదాన్ని అంటిస్తుంది, ప్రతిదీ తనలో ఉన్న మందుతోనే పేలుతుంది. అందుకే సరం ఎంత పొడుగైనా చివరిది మొదటిదానంత గట్టిగానే పేలుతుంది. యాక్సాన్ పొర ప్రతి ముక్కలోనూ అలా మందు కూరి ఉంటుంది. టపాకాయతో పోలిక ఒక్క చోట చెల్లదు: యాక్సాన్ సెకనులో ఒకటి రెండు వెయ్యో వంతుల్లోనే మళ్లీ పేలడానికి సిద్ధం.

ఆ మందు ఉప్పు. ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరిన్ విడిపోయి విద్యుదావేశమున్న అయాన్లవుతాయి. కణం బయట సోడియం అయాన్లు ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. పొరలోని ఒక పంపు మూడు సోడియాలను బయటికి తోసి రెండు పొటాషియాలను లోపలికి లాగుతూ ఈ తేడాను నిలబెడుతుంది. ఒంటి బరువులో యాభయ్యో వంతు ఉన్న మెదడు మన శక్తిలో అయిదో వంతు తినేస్తుంది. అందులో పెద్ద వాటా ఈ తోడిపోతకే.

ఇప్పుడు చిన్న లెక్క. పొర పొటాషియాన్ని మాత్రమే పోనిస్తే ఏమవుతుంది? లోపల 140 పాళ్లు, బయట 4 పాళ్లు, అంటే 35 రెట్ల తేడా. పొటాషియం బయటికి కారి, లోపల ఋణావేశం మిగిలి, అది మళ్లీ వెనక్కి లాగుతుంది. ఈ లాగుడు సమం అయ్యే చోటు, మన ఒంటి వేడి దగ్గర, ప్రతి పది రెట్లకు 61 మిల్లీవోల్టులు. 35 రెట్లకు సుమారు 94. కాబట్టి లోపల −94 మిల్లీవోల్టులు. సోడియాన్ని మాత్రమే పోనిస్తే? బయట 145, లోపల 12, ఇంచుమించు పన్నెండు రెట్లు, దిశ తిరగబడి +66. విశ్రాంతిలో ఉన్న పొర ఎక్కువగా పొటాషియాన్ని, కొద్దిగా సోడియాన్ని పోనిస్తుంది. అందుకే తాడాటలో ముడి పొటాషియం వైపు జరిగి −70 దగ్గర ఆగుతుంది. డెబ్బై మిల్లీవోల్టులంటే టార్చి బ్యాటరీలో ఇరవయ్యో వంతు కూడా కాదు. కానీ పొర మందం సుమారు 5 నానోమీటర్లే. ఆ లెక్కన మీటరుకు కోటీ నలభై లక్షల వోల్టుల ఒత్తిడి. గాలిలో పిడుగు పుట్టడానికి మీటరుకు ముప్పై లక్షలు చాలు.

కబురు వచ్చినప్పుడు పొరలోని సోడియం తలుపులు ఒక్కసారిగా తెరుచుకుని ముడిని +66 వైపు లాగుతాయి. అది +30, +40 దాకా వెళ్లేలోపే ఆ తలుపులు మూసుకుంటాయి, పొటాషియం తలుపులు తెరుచుకుని కిందికి దించుతాయి. ఇదే స్పైక్. ఇది పక్క ముక్కలోని సోడియం తలుపులను తెరిపిస్తుంది, ఇలా సరం పేలుకుంటూ పోతుంది.

ఇది తెలియాలంటే విద్యుత్తును కొలిచే సన్నటి మొనను, అంటే ఎలక్ట్రోడును, యాక్సాన్ లోపలికి దించాలి. మన యాక్సాన్ల మందం మిల్లీమీటరులో వందో వంతు, అంతకన్నా తక్కువ. ఇక్కడికొచ్చింది స్క్విడ్. శత్రువు కనిపిస్తే ఒంట్లోని నీటిని చిమ్మి రాకెట్టులా పారిపోవడానికి దానికి ఒక మహా యాక్సాన్ ఉంది, ఒక మిల్లీమీటరు దాకా మందం. అది రక్తనాళం కాదని 1936లో జె.జెడ్. యంగ్ చాటిచెప్పాడు. 1939 వేసవిలో ప్లిమత్ తీరాన అలన్ హాడ్జ్‌కిన్, అండ్రూ హక్స్‌లీ దాంట్లోకి సన్నటి తీగ దించారు. స్పైక్ వచ్చినప్పుడు వోల్టేజి సున్నాకు చేరి ఆగుతుందని అప్పటి సిద్ధాంతం. అది సున్నాను దాటి పైకి పోయింది. కొన్ని వారాలకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. హాడ్జ్‌కిన్ రాడార్ల పనికి వెళ్లాడు.

యుద్ధం ముగిశాక మళ్లీ స్క్విడ్‌కే వచ్చి, 1952లో తలుపుల తీరును సమీకరణాల్లో పెట్టారు. లెక్క వేద్దామంటే కేంబ్రిడ్జి కంప్యూటర్ మార్పుల కోసం ఆపేసి ఉంది. హక్స్‌లీ చేత్తో తిప్పే బ్రన్స్‌విగా యంత్రం మీద వారాల తరబడి పిడి తిప్పి, స్పైక్ ఆకారాన్ని కాగితం మీద పుట్టించాడు. తలుపులు నిజంగా ఉన్నాయని అప్పటికి ఎవరూ చూడలేదు. 1976లో ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ గాజు గొట్టపు మొనను కండర కణం పొరకు ఆనించి, ఒక్క తలుపు తెరుచుకుని మూసుకున్నప్పుడు పారే విద్యుత్తును పట్టారు. అది ఆంపియరులో లక్ష కోట్లవ వంతులు ఏ కొన్నో. 1998లో రోడరిక్ మెకినన్ పొటాషియం తలుపు రూపాన్ని అణువుల స్థాయిలో చూపించాడు.

స్పైక్‌కు హెచ్చుతగ్గులు లేవు. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే లేదు. మరి మెల్లగా తాకడానికీ గట్టిగా నొక్కడానికీ తేడా ఎలా తెలుస్తుంది? 1920ల్లో ఎడ్గర్ ఏడ్రియన్ విడి తంతువులను విని చెప్పాడు: స్పైకుల లెక్కలో. మెల్లగా నొక్కితే సెకనుకు పది, గట్టిగా అయితే వంద. గుడి గంటను ఎంత గట్టిగా కొట్టారన్నది కాదు, ఎన్నిసార్లు కొట్టారన్నదే లెక్క.

## నిప్పురవ్వల పక్షం, చారు పక్షం

స్పైక్ యాక్సాన్ కొసకు వచ్చింది. ముందు సందు. ఎలా దాటుతుంది? విద్యుత్తుగానే గెంతుతుందని ఒక పక్షం, రసాయనం కారుతుందని మరో పక్షం. ఇంగ్లిషులో వీళ్లను నిప్పురవ్వల వాళ్లు, సూపు వాళ్లు అనేవారు. మనం చారు పక్షం అనుకుందాం.

1921లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌లో ఓటో లోవీ రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. మొదటిదానికి మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం ఉంది, రెండోదానికి లేదు. నరాన్ని ప్రేరేపిస్తే మొదటి గుండె నెమ్మదించింది. దాన్ని ముంచి ఉంచిన ద్రవాన్ని తీసి రెండో గుండెకు పోశాడు. అదీ నెమ్మదించింది. రెండింటినీ కలిపే నరం లేదు, వైరు లేదు. దాటింది ద్రవంలోని పదార్థమే. తర్వాత అది ఎసిటైల్‌కోలిన్ అని తేలింది. ఈ ప్రయోగం కలలో తట్టిందని, లేచి రాసుకున్నది తెల్లారి తనకే అర్థం కాలేదని, మర్నాడు రాత్రి మళ్లీ అదే కల రాగానే నేరుగా ప్రయోగశాలకు పరిగెత్తానని ఆయనే చెప్పుకున్నాడు.

గుండె సరే, మెదడు సంగతేంటని నిప్పురవ్వల పక్షం నాయకుడు జాన్ ఎకిల్స్ పట్టు విడవలేదు. సెకనులో వెయ్యో వంతులో జరిగే పనికి కారే రసాయనం ఏం సరిపోతుందన్నది ఆయన ప్రశ్న, తీసేయదగ్గది కాదు. 1951లో న్యూజిలాండ్‌లో ఆయనే పిల్లి వెన్నుపాములోని ఒక న్యూరాన్ లోపలికి సన్నటి గాజు ఎలక్ట్రోడు దించాడు. ఆపే సంకేతం వచ్చినప్పుడు లోపలి వోల్టేజి తన సిద్ధాంతం చెప్పిన దిశలో కాక ఎదురు దిశలో కదిలింది. ఏళ్లుగా తను నిలబెట్టిన వాదాన్ని తన ప్రయోగంతోనే వదిలేశాడు. వాదంలో ఓడి నోబెల్ దాకా వెళ్లినవాళ్లు అరుదు, 1963లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలతో పాటు ఆయనకూ వచ్చింది.

ఒక న్యూరాన్ మీద వేల సినాప్సులు వాలి ఉంటాయి. కొన్ని ‘కానీ’ అంటాయి, కొన్ని ‘ఆగు’ అంటాయి. −70 నుంచి −55కు చేరితే స్పైక్ పుడుతుందని, ఒక్కో ‘కానీ’ అర మిల్లీవోల్టు పెంచుతుందని అనుకుందాం. దాదాపు ఒకేసారి ముప్పై కావాలి. మధ్యలో పది ‘ఆగు’లు అంతే బలంతో వస్తే నలభై కావాలి. 1943లో మెకలక్, పిట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ కూడికా హద్దూ మాత్రమే తీసుకుని కాగితపు న్యూరాన్ తయారుచేశారు. ఇవాళ్టి ఏఐ ‘న్యూరాన్’ దాని వంశమే. దానికి అయాన్లు లేవు, చారు లేదు, ఆకలీ లేదు. కూడిక ఒక్కటే మిగిలింది.

## విశాఖ నుంచి వెళ్లిన బంగారు పాము

చారు కారిందంటే అవతలి ఒడ్డున దాన్ని అందుకునే గ్రాహకం ఉండాలి. దాన్ని పట్టుకోవడానికి పనికొచ్చిన కొక్కెం పేరు వెనక మన మాట ఉంది.

18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరంలోని పాములను స్థానిక పేర్లతో సహా నమోదు చేశాడు. 1796లో వచ్చిన ఆ పుస్తకంలో పసుపు పట్టీల పాముకు జనం చెప్పిన ‘బంగారు పాము’ అన్న పేరు చేరింది. 1803లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త దోదాన్ దాన్నే తీసుకుని ఆ ప్రజాతికి ‘బంగారస్’ అని లాటిన్ పేరు పెట్టాడు. మన కట్లపాము కూడా ఆ ప్రజాతిదే.

1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి కట్లపాము విషం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. దాని పేరు ఆల్ఫా-బంగారోటాక్సిన్. ఎసిటైల్‌కోలిన్ కూర్చోవలసిన పీట మీద ఇది కూర్చుని లేవదు. కబురు వస్తుంది, అందుకునే దిక్కుండదు, కండరం కదలదు. 1970 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జాన్-పియర్ షాంజూ బృందం, ఈ గ్రాహకాలు కిక్కిరిసి ఉండే విద్యుత్ చేపల కణజాలంలో ఈ విషాన్ని ఆనవాలుగా వాడి, గ్రాహకాన్ని విడిగా బయటికి తీసింది. అప్పటిదాకా లెక్కల్లోనే ఉన్న గ్రాహకం చేతికి దొరికింది.

ఇదే లెక్క ఆసుపత్రిలోనూ కనిపిస్తుంది. కట్లపాము కాటుకు వాపు, నొప్పి పెద్దగా ఉండవు, ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి కండరాలు ఆగిపోతాయి. నాగుపాము విషం ఎక్కువగా అవతలి ఒడ్డున గ్రాహకాన్ని మూసేస్తుంది, ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే నియోస్టిగ్మిన్ మందుకు అక్కడ కొంత పని ఉంటుంది. మన కట్లపాము విషం ఎక్కువగా ఇవతలి ఒడ్డునే, చారు వదిలే కొసనే పాడుచేస్తుంది. వదలడానికే ఏమీ లేనప్పుడు ఆ మందు అంతగా పనిచేయదు. అందుకే అలాంటి రోగిని రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది.

## జాతర హోరు నుంచి ఒక్క గొంతు దాకా

బతికున్న మెదడును వినే పద్ధతులు చాలా ఉన్నాయి, వాటి మధ్య తేడా తెలియకే వార్తలు గజిబిజి అవుతాయి. తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ ఊరి బయట నిలబడి జాతర హోరు వినడం లాంటిది. ఏదో ఊపందుకుందని తెలుస్తుంది, ఎవరేమన్నారో తెలియదు. మెదడును స్కాన్ చేసే ఎఫ్ఎంఆర్ఐ న్యూరాన్‌ను వినదు, రక్తంలోని ఆక్సిజన్‌ను చూస్తుంది. ఏ వీధిలో టీ ఎక్కువ అమ్ముడైందో చూసి జనం ఎక్కడున్నారో అంచనా కట్టడమన్నమాట. అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా. “మెదడులో ప్రేమ కేంద్రం వెలిగింది” అనే శీర్షికలు చదివేటప్పుడు ఈ టీ లెక్క గుర్తుంచుకుంటే మంచిది.

న్యూరాలింక్ లాంటి చిప్ జాతరలోకి దిగి, జనం మధ్య మైకులు పెడుతుంది. స్పైకులు నేరుగా వింటుంది. మైకులు 1,024. కంప్యూటర్ తెర మీద కర్సరును కదిపే ఉద్దేశాన్ని పట్టడానికి అవి సరిపోతున్నాయి. 8,600 కోట్ల కణాల ‘ఆలోచనలను చదవడం’ దీనికి చాలా దూరం.

మరో దారి వెలుగుది. కణంలోకి కాల్షియం వచ్చినప్పుడు మెరిసేలా, జెల్లీఫిష్ వెలుగు ప్రొటీను నుంచి మలచిన జన్యువును ఎలుక న్యూరాన్లలో పెడతారు. తిరుగు దిశలో, పాచి జాతికి చెందిన క్లామిడోమోనాస్ నుంచి వెలుగు తగిలితే తెరుచుకునే అయాన్ తలుపును తెచ్చి, 2005లో న్యూరాన్లలో పెట్టారు. నీలి వెలుగు వేస్తే ఆ న్యూరాన్ పేలుతుంది. వినడం నుంచి పలికించడం దాకా వచ్చారు.

## పెద్దయ్యాక కొత్తవి పుడతాయా? మళ్లీ రంగు దగ్గరే తగువు

ఎలుకల్లో పెద్దయ్యాకా కొన్ని చోట్ల కొత్త న్యూరాన్లు పుడతాయి, దాని మీద తగువు లేదు. మనుషుల్లో? 2013లో స్వీడన్‌లో యోనస్ ఫ్రీసెన్ బృందం ఒక వింత గడియారం వాడింది. అణుబాంబు పరీక్షల వల్ల 1950లు, 60ల్లో గాలిలో కార్బన్-14 పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏటి గాలి ముద్ర దాని డీఎన్ఏలో ఉండిపోతుంది. ఆ లెక్కన జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త న్యూరాన్లు చేరుతున్నాయన్నారు. 2018లో ఒక బృందం కణాలకు ఆనవాళ్లు అద్ది, బాల్యం దాటాక ఏమీ కనిపించలేదంది. కొన్ని వారాలకే ఇంకో బృందం అదే తరహా ఆనవాళ్లతో ముసలితనంలోనూ ఉన్నాయంది. లేవన్నవారు ఎలుక ఆనవాలు మనిషి కణంలో అదే అర్థం ఇవ్వదంటారు. ఉన్నాయన్నవారు, చనిపోయాక మెదడును భద్రపరచడంలో గంటలు గడిస్తే ఆనవాలు చెరిగిపోతుందంటారు. రెండు అభ్యంతరాలకూ బలముంది.

## పటం గీస్తే ఊరు తెలిసినట్టేనా

1986లో సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగు న్యూరాన్లన్నిటికీ పటం వచ్చింది, మొత్తం 302. 2024 నాటి ఈగ పటంలో 1,39,255 న్యూరాన్లు, 5 కోట్లకు పైగా సినాప్సులు. 2025 ఏప్రిల్‌లో ఎలుక మెదడులో చూపుకు సంబంధించిన ఘన మిల్లీమీటరు ముక్కలో 52 కోట్ల సినాప్సులు గుర్తించారు, ఆవగింజంత ముక్క! మన దగ్గర ఐఐటీ మద్రాస్‌లోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో గర్భస్థ శిశువు మెదడును 5,132 కోతల్లో కణస్థాయిలో చూపే పటం విడుదల చేసింది. పేరు ‘ధరణి’. తెలంగాణ పాఠకులు కంగారు పడనక్కర్లేదు, ఒకప్పుడు అదే పేరుతో ఉన్న భూముల పోర్టల్‌తో దీనికి సంబంధం లేదు.

పటాల పక్షం వాదన గట్టిదే. దారులు తెలియకుండా రాకపోకలు అర్థం కావు, ఈగ పటం వచ్చాక రుచి, నడక లాంటి వాటి దారులను ముందుగా ఊహించి, ప్రయోగంలో సరిచూసుకోగలుగుతున్నారు. ఎదుటి పక్షం వేలు చూపించేది ఆ పురుగునే: పటం వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా, 302 కణాల ఆ జీవి మరుక్షణం ఎటు తిరుగుతుందో పటం చూసి చెప్పలేకపోతున్నాం.

2023లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తలు ఆ పురుగు న్యూరాన్లను ఒక్కొక్కటిగా వెలుగుతో కదిలించి, మిగతావి ఎలా స్పందిస్తాయో కొలిచారు. చాలా చోట్ల కబురు పటంలోని దారుల్లో పోలేదు. సినాప్సు అనే సందే లేని కణాల మధ్య కూడా కబుర్లు నడిచాయి. ఒక కణం విడిచిన పెప్టైడ్లు, అంటే చిన్న ప్రొటీను ముక్కలు, చుట్టూ ఉన్న ద్రవంలో తేలుతూ వెళ్లి దూరపు కణాన్ని తాకుతున్నాయి. పటంలో గీత లేదు, ఎందుకంటే అక్కడ తీగ లేదు. ఉన్నది చారు.